బాల్యములో వచ్చిన మూర్ఛ వయస్సుతో ఎట్లు మారును?

“పంతులూ! రెండేండ్లాయె పిలగానికి ఫిట్స్ రాక. ఇగ ఈ గోలీలెందుకు? మీ నెయ్యి ఒక్కటి ఇయ్యుండ్రి, చాలు” అని ఒక రైతు నన్ను అడిగి ఇప్పటికి ఇరువది ఎనిమిదేండ్లు దాటినది. ధర్మపురి దాపున గోదావరి ఒడ్డు గ్రామము నుండి పదునొకండేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చినాడు. అప్పటికి నేను వయస్సులో ఉన్న వైద్యుడను. గురువుగారి ఇంట అష్టాంగహృదయము వల్లెవేసిన ధీమా ఇంకను తగ్గలేదు. “సరే, మాన్పించుము” అన్నాను. పంచగవ్య ఘృతము ఇచ్చి పంపినాను.

తొమ్మిదవ దినమున ఆ బాలునికి ఒకదాని వెంట ఒకటిగా మూర్ఛలు వచ్చినవి. నడుమ స్పృహ రాలేదు. పట్టణములోని ఆసుపత్రిలో రెండు రాత్రులు ప్రాణము మీదికి వచ్చి, అక్కడి వైద్యుల నేర్పు వలన బ్రతికినాడు. తప్పు నాది. ఘృతము చెడ్డది కాదు. ఆ బాలుని మూర్ఛ ఏ జాతికి చెందినదో, ఏ వయస్సులో ఎట్లు నడచునో విచారింపక, మాత్రలను ఒక్కసారిగా మాన్పించుట చెడ్డది. ఆ నాటి నుండి ఈ వ్యాధిని గూర్చి మన గ్రంథములతో పాటు ఆధునిక వైద్యులు చెప్పు సంగతులను కూడ శ్రద్ధగా తెలిసికొనుచు వచ్చినాను. అందు ముఖ్యమైన దానిని గృహస్థుల కొరకు ఇచట వివరించుచున్నాను.

ఆ ముఖ్య విషయము ఇది: బాల్యమున వచ్చిన మూర్ఛ పెరుగు బిడ్డతో పాటు తానును మారును. కొన్ని మూర్ఛలు బాల్యముతోనే పోవును. కొన్ని కొంతకాలము దాగి మరల కనబడును. కొన్ని రూపము మార్చుకొనును. కొన్ని జీవితాంతము వెంట ఉండును. కావున అయిదేండ్ల నాడు వైద్యుడు చెప్పిన మాటను పదునైదేండ్ల నాడు కూడ అట్లే పట్టుకొని కూర్చుండరాదు. ప్రతి వయస్సునందును వ్యాధిని మరల పరీక్షింపజేయవలెను.

ప్రాచీనులు చెప్పినది

మూర్ఛవ్యాధిని ఆయుర్వేదమున అపస్మారమందురు. స్మరణ తొలగిపోవుట అని దాని అర్థము. చరకసంహిత యందు నిదానస్థానము ఎనిమిదవ అధ్యాయమును, చికిత్సాస్థానము పదియవ అధ్యాయమును దీనికే కేటాయింపబడినవి. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములచే నాలుగు విధములని చెప్పి, వేగములు పక్షమునకో, పండ్రెండు దినములకో, మాసమునకో వచ్చునని వర్ణించినారు. సన్నిపాతజమును, క్షీణించిన వానికి వచ్చినదియు, చిరకాలముగా పాతుకొన్నదియు కష్టమనిరి. అనగా వ్యాధి పేరు ఒకటియైనను దాని గతి అందరికిని ఒకటి కాదని వారు ఆనాడే గుర్తించినారు.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున ఒక చక్కని పోలిక కలదు. వానలు కురిసినను కొన్ని విత్తనములు వెంటనే మొలవక నేలలోనే ఉండి, తమ ఋతువు వచ్చినప్పుడే మొలకెత్తునట్లు, దోషములు కూడ శరీరమున నిలిచియుండి తమ కాలమున బయటపడును. మన ప్రాంతపు రైతులకు ఈ మాట సులభముగా తెలియును. చేను నల్లగా ఖాళీగా కనబడినంత మాత్రమున అందు గింజ లేదని అనజాలము. మూర్ఛ రాని రెండేండ్ల కాలము కూడ అట్టిదే కావచ్చును. నేను ఆ బాలుని విషయమున మరచినది ఈ పోలికనే.

ఏడాది లోపు శిశువులు

శిశువుల మూర్ఛను తల్లులు తరచుగా గుర్తింపలేరు. మూడు నెలల నుండి ఏడాది లోపు వచ్చు ఒక విధమైన మూర్ఛలో బిడ్డ పడిపోవుట, నురుగు కక్కుట ఉండదు. నిద్ర లేవగానే తల ముందుకు వంచి, చేతులు చాచి, సలాము చేసినట్లు తటాలున ముడుచుకొనును. అట్లు వరుసగా పది, ఇరువది సార్లు జరుగును. ఇంటి పెద్దలు కడుపునొప్పి అనియో, ఉలికిపాటు అనియో తలచి వాము నీళ్లు పట్టుదురు. ఈలోగా నవ్వుచున్న బిడ్డ నవ్వుట మానును, మెడ నిలిపిన బిడ్డ మెడ వ్రాల్చును.

దీనికి గృహచికిత్స లేదు. వారములు కాదు, దినములు లెక్కపెట్టి పిల్లల ఆసుపత్రికి చేర్చవలెను. ఆలస్యమైన కొలది బుద్ధివికాసమునకు నష్టము పెరుగును. చికిత్స లేనిచో, ఒక్కొక్కప్పుడు చికిత్స చేసినను, ఈ మూర్ఛ రెండు మూడేండ్లు గడచిన పిదప మరియొక కఠిన రూపము ధరించును. పగటివేళ హఠాత్తుగా కూలిపోవుట, నిద్రలో బిగుసుకొనుట మొదలగునవి కలుగును. పుట్టగానే ఏడ్వని బిడ్డలు, కాన్పు కష్టమై మెదడునకు ప్రాణవాయువు అందని బిడ్డలు ఇందు ఎక్కువ. అట్టి కాన్పు జరిగిన ఇంటివారు మొదటి ఏడాది మిక్కిలి జాగరూకులై ఉండవలెను.

జ్వరముతో వచ్చు ఈడ్పులు

ఆరు నెలల నుండి అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి ఇద్దరి నుండి అయిదుగురి వరకు తీవ్ర జ్వరముతో పాటు ఈడ్పులు వచ్చును. చూచువారికి భయంకరముగా ఉండును గాని, వీటిలో అధికభాగము మూర్ఛవ్యాధి కాదు. ఈడ్పు కొద్ది నిమిషములలో ఆగి, శరీరమంతటికి సమానముగా వచ్చి, ఒక దినములో ఒక్కసారే వచ్చినచో, అట్టి పిల్లలలో నూటికి తొంబదియైదుగురికి మించి తరువాత మూర్ఛవ్యాధి రాదు. మరల జ్వరము వచ్చినప్పుడు ముగ్గురిలో ఒకరికి మాత్రము ఈడ్పు తిరిగి రావచ్చును. అయిదారేండ్లు దాటునప్పటికి ఈ స్వభావము తనంతట తానే పోవును.

అయితే ఈడ్పు పావుగంట దాటినను, శరీరములో ఒక ప్రక్కకే వచ్చినను, ఒకే దినమున రెండుసార్లు వచ్చినను, మెడ బిగుసుకొన్నను, బిడ్డ తరువాత తెలివికి రాకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. మొదటిసారి వచ్చిన ఈడ్పును ఎట్లున్నను వైద్యునకు చూపవలెను. జ్వరము తగ్గించు మందు బిడ్డకు ఉపశమనము నిచ్చును గాని, అది ఈడ్పును తప్పక ఆపునని నమ్మరాదు. జ్వరపు పిల్లలకు కర్పూరము మ్రింగించుట, ముక్కు వద్ద అధికముగా పూయుట కొన్ని ఇండ్లలో కలదు. కర్పూరము కడుపులోనికి పోయినచో తానే ఈడ్పులను పుట్టించును. ఈ అలవాటు వెంటనే మానవలెను.

బడి వయస్సు: తనంతట తాను శమించు మూర్ఛలు

నాలుగవ యేట నుండి పదియవ యేట లోపు కొందరు పిల్లలు చదువుచు చదువుచు ఒక్కసారి ఆగి, శూన్యముగా చూచి, పది సెకండ్ల తరువాత ఏమియు జరుగనట్లు మరల చదువుదురు. దినమునకు పదుల సార్లు ఇట్లు జరుగవచ్చును. పంతుళ్లు “పరధ్యానము” అని శిక్షింతురు. ఇది పరధ్యానము కాదు, మూర్ఛ. పిలిచినను, తట్టినను ఆ క్షణమున పలుకనిచో అనుమానింపవలెను. ఈ.ఈ.జి. పరీక్షలో ఇది స్పష్టముగా తెలియును. సరియైన మందుతో బాగుగా లొంగును. సుమారు మూడింట రెండు వంతుల పిల్లలకు యౌవనారంభమున పూర్తిగా పోవును. తక్కిన వారిలో కొందరికి పెద్ద మూర్ఛలుగా మారును.

ఇంకొక విధము మూడవ యేట నుండి పదమూడవ యేట లోపు వచ్చును. బిడ్డ నిద్ర పట్టిన కొంతసేపటికో, తెల్లవారుజాముననో లేచి కూర్చుండును. నోరు ఒక ప్రక్కకు లాగును, చొంగ కారును, మాట రాదు, తెలివి మాత్రము ఉండవచ్చును. దీని గతి మిక్కిలి శుభకరము. పదునారేండ్లు నిండునప్పటికి దాదాపు అందరికిని పోవును. అందుచేతనే అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిపుణుల సంఘము 2022లో చేసిన వర్గీకరణమున దీనిని “తనంతట తాను శమించునది” అను పేరుతో పిలిచినారు.

ఇట్టి పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పునది ఒక్కటే. ఇది పోవు వ్యాధి. మీరు బిడ్డ మనస్సున నాటు భయము మాత్రము పోవునది కాదు.

మెదడుజ్వరము, మలేరియా, పురుగు: వీటి అనంతరము

మన ప్రాంతమునకు సంబంధించిన కారణములు కొన్ని కలవు. 2003 జూన్ నుండి ఆగస్టు వరకు ఆనాటి ఆంధ్రప్రదేశములో పిల్లలకు మెదడుజ్వరము వ్యాపించినది. 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది మరణించినారు. కరీంనగరు, వరంగల్లు జిల్లాల పల్లెలు ఆ దుఃఖమును చవిచూచినవి. గోడల పగుళ్లలో పెరుగు ఇసుక ఈగల ద్వారా వ్యాపించు చాందీపుర వైరసు దానికి కారణమని శాస్త్రజ్ఞులు తేల్చినారు. ఆదిలాబాదు ఏజెన్సీ గ్రామములలో మెదడునకు ఎక్కిన మలేరియా ఎందరు పిల్లలను బాధించినదో ఆ ప్రాంతపు వారికి తెలియును.

ఏ కారణముచే వచ్చినను, మెదడుజ్వరము నుండి బయటపడిన బిడ్డకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచిన తరువాత మూర్ఛలు ఆరంభము కావచ్చును. అట్లే పసితనమున అరగంట సేపు ఆగని జ్వరపు ఈడ్పు వచ్చిన కొందరికి, ఏడెనిమిదేండ్లు ఏమియు లేకుండ గడచి, యౌవనమున వేరొక రూపమున మూర్ఛ కనబడును. కడుపులో ఏదో పైకి లేచినట్లుండుట, పెదవులు చప్పరించుట, చేతులతో బట్ట నలుపుట, తరువాత ఏమి జరిగినదో జ్ఞాపకము లేకుండుట దాని లక్షణములు. “చిన్ననాడు వచ్చి పోయినది కదా” అని దీనిని వేరుగా తలపరాదు. చిన్ననాటి సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను. సుశ్రుతుని విత్తనము ఇచట మొలకెత్తినది.

స్కానింగు తీసి “మెదడులో పురుగు గూడు” అని చెప్పిన పిల్లలను నేను ఎక్కువగా చూచుచున్నాను. ఇది పందిమాంసము తినువారికే వచ్చునని లోకులు అనుకొందురు. అది పొరపాటు. ఆ పురుగు గ్రుడ్లు మలముతో కలుషితమైన నీరు, పచ్చి కూరల ద్వారా లోపలికి పోవును. కావున శాకాహారుల ఇండ్లలోను వచ్చును. ఒకే చిన్న గూడు ఉన్న పిల్లలలో అది చాలమందికి కొన్ని నెలలలో కరగిపోవును, దానితో మూర్ఛయు శమించును. మచ్చ మిగిలినచో మందు ఎక్కువ కాలము వాడవలసియుండును. కొత్తిమీర, ముల్లంగి, క్యారెటు వంటి పచ్చిగా తిను వానిని పలుమార్లు మంచినీటితో కడుగుట, చేతులు సబ్బుతో కడుగుకొనుట ఈ వ్యాధికి మొదటి ఔషధము.

యౌవనారంభము: క్రొత్తగా వచ్చునది, మిగిలియుండునది

పండ్రెండు, పదునెనిమిదేండ్ల నడుమ ఒక విధమైన మూర్ఛ క్రొత్తగా ఆరంభమగును. ఉదయము లేచిన అరగంటలో చేతులు తటాలున అదరి, చాయ గ్లాసు, దువ్వెన, కలము జారిపడును. ఇంటివారు “చేతికి పట్టు లేదు” అని కోపింతురు. పదవ తరగతి పరీక్షలకు రాత్రంతయు చదివిన మరునాడో, పెండ్లిలో నిద్ర లేకుండ గడపిన మరునాడో పెద్ద మూర్ఛ వచ్చినప్పుడు గాని అసలు సంగతి తెలియదు. దీనిని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అందురు. మందుకు చక్కగా లొంగును గాని, మందు మానినచో అధికసంఖ్యాకులకు తిరిగి వచ్చును. కావున మందు ఏండ్ల తరబడి వాడవలసి వచ్చును. ఒక రకమునకు పనికివచ్చు మాత్ర ఈ రకమును పెంచవచ్చును. పొరుగింటి బిడ్డకు వ్రాసిన చీటీతో మందుల దుకాణమునకు పోవుట ఎంత ప్రమాదమో దీనివలన గ్రహింపవలెను.

యౌవనమున మరి రెండు శత్రువులు కలవు. ఒకటి నిద్రలేమి. రెండవది మత్తు. మన పల్లెలలో కల్తీకల్లునందు నిద్రమాత్రల పొడి, ఇతర మత్తుపదార్థములు కలుపుదురు. దానికి అలవాటుపడిన శరీరమునకు ఒక్కసారిగా అది అందనిచో, ఎన్నడును మూర్ఛ లేనివానికి సైతము ఈడ్పులు వచ్చును. ఇక బాల్యమున మూర్ఛ ఉన్న యువకుని సంగతి చెప్పనక్కర లేదు.

బిడ్డ పెరిగినప్పుడు మందు మోతాదు కూడ మారవలెను. పండ్రెండు కిలోల నాడు వ్రాసిన మోతాదు ముప్పదియైదు కిలోల నాడు చాలదు. పాత చీటీతోనే అయిదేండ్లు మందు కొనువారిని నేను చూచినాను. మందు పనిచేయుట లేదని వారు నిందింతురు. పనిచేయనిది మందు కాదు, మోతాదు.

మాత్రలు ఎప్పుడు మానవలెను?

సాధారణముగా కనీసము రెండేండ్లు మూర్ఛ రాకుండ ఉన్న తరువాత మాత్రలు మాన్పుటను గూర్చి నరముల వైద్యుడు ఆలోచించును. రెండేండ్లు నిండినవి కావున మీరే మానవచ్చునని దీని అర్థము కాదు. మూర్ఛ ఏ జాతిది, స్కానింగులో మచ్చ ఉన్నదా, ఈ.ఈ.జి. ఎట్లున్నది, బిడ్డ బుద్ధివికాసము ఎట్లున్నది అని విచారించి, నెలల తరబడి కొంచెము కొంచెముగా తగ్గింతురు. అట్లు మాన్పిన పిల్లలలో నూటికి అరువది, డెబ్బది మందికి మూర్ఛ తిరిగి రాదు. వచ్చువారిలో చాలమందికి మొదటి ఏడాది, రెండేండ్లలోనే వచ్చును. ఆ కాలమున జాగ్రత్త రెట్టింపు చేయవలెను.

సరిగా ఎన్నుకొన్న రెండు మందులు తగు మోతాదున వాడినను లొంగని మూర్ఛలును కలవు. అట్టివారు నిరాశపడరాదు. హైదరాబాదులోని నిమ్స్ వంటి పెద్ద సంస్థలలో పరీక్ష చేయించుకొనవలెను. కొందరికి శస్త్రచికిత్స ఉపకరించును. తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థలో 1995 నుండి ఇట్టి శస్త్రచికిత్సలు జరుగుచున్నవి.

మరి ఆయుర్వేదము?

పంచగవ్య ఘృతము, బ్రాహ్మీ ఘృతము, కల్యాణక ఘృతము, వస, సరస్వతీ ఆకు మొదలైన వానిని మన ఆచార్యులు ఈ వ్యాధిలో విధించినారు. నేనును ఇచ్చుచున్నాను. జీర్ణశక్తికి, నిద్రకు, మనోధైర్యమునకు తోడ్పాటుగా ఇచ్చుచున్నాను. మాత్రలకు బదులుగా ఇచ్చుట లేదు. ఇంటిలో ఎవరికి వారు వస కొమ్ము అరగదీసి మోతాదు తెలియక పోయుట తగదు. పాదరసము, సీసము కలిసిన పేరు తెలియని పొడులు అసలే వాడరాదు.

మూలికలు ఎన్నడును హాని చేయవను నమ్మకము సరికాదు. శంఖపుష్పి కలిసిన ఒక తయారీ, ఫెనిటాయిన్ అను మూర్ఛమందు రక్తములో నిలుచు పరిమాణమును తగ్గించినదని ఎలుకలపై జరిపి 1992లో ప్రచురించిన పరిశోధన ఒకటి కలదు. జ్ఞాపకశక్తికి మంచిదని పరీక్షల ముందు ఈ పానకము పట్టు తల్లులు దీనిని గమనింపవలెను. ఏ మూలిక వాడినను మాత్రలు వ్రాసిన వైద్యునకు చెప్పవలెను. ఇరువురు వైద్యులకు తెలియకుండ ఇరువురి మందులు వాడుటయే అసలైన కుపథ్యము.

ఒక్కపొద్దుల నాడు మాత్ర మానువారు కలరు. మాత్ర మ్రింగుట వ్రతభంగము కాదు. వేళకు భోజనము, వేళకు నిద్ర, మలబద్ధకము లేకుండుట ఈ వ్యాధిలో పథ్యము. పాలు, నెయ్యి, పెసరకట్టు, పాతబియ్యపు అన్నము హితకరములు.

ఆడపిల్లల విషయము

రజస్వల అయిన తరువాత కొందరు బాలికలకు నెలసరి దినముల చుట్టును మూర్ఛలు హెచ్చును. తల్లి ఒక పుస్తకములో తేదీలు వ్రాసియుంచినచో వైద్యునకు మేలగును. వాల్‌ప్రోయేట్ అను మందు గర్భమునందలి శిశువునకు హాని చేయగలదు. కావున బాల్యమున అది వాడిన బాలిక యుక్తవయస్సునకు వచ్చినప్పుడు, వివాహమునకు ఎంతో ముందుగానే, మందు మార్చుటను గూర్చి వైద్యునితో మాటలాడవలెను. తామే ఆపరాదు. ఫోలిక్ ఆమ్లము గర్భధారణకు ముందు నుండియే వైద్యుని సలహాపై వాడవలెను. సరియైన పర్యవేక్షణలో ఉన్న స్త్రీలలో అధికసంఖ్యాకులు ఆరోగ్యవంతులగు బిడ్డలను కనుచున్నారు, పాలిచ్చి పెంచుచున్నారు.

1955 నాటి హిందూ వివాహ చట్టములో తరచుగా వచ్చు మూర్ఛవ్యాధి వివాహమునకు ఆటంకమని ఉండెడిది. 1999లో చేసిన సవరణ ద్వారా ఆ మాట తొలగింపబడినది. ఇప్పుడు చట్టమున అడ్డంకి లేదు. అడ్డంకి మన మనస్సులలో ఉన్నది. దాచిపెట్టి పెండ్లి చేసినచో, అత్తవారింట మాత్రలు దాచి మ్రింగలేక మానివేసిన కోడలికే ప్రమాదము. ముందుగా చెప్పుటయే ధర్మము, క్షేమము కూడ.

వ్యాధి పోయినను పోని భయము

ఫిన్లాండు దేశపు టుర్కు ప్రాంతమున సిల్లన్‌పా అను వైద్యుడు 1960ల ఆరంభమున మూర్ఛ ఉన్న 245 మంది పిల్లలను గుర్తించి, ముప్పది యేండ్లకు పైగా వారి జీవితములను గమనించినారు. 1998లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, కడవరకు గమనింపబడిన 176 మందిలో 112 మందికి కనీసము అయిదేండ్లుగా మూర్ఛ లేదు. వారిలో 83 మంది మాత్రలు సైతము వాడుట లేదు. ఇది సంతోషకరము. కాని అదే పరిశీలనలో చదువు, ఉద్యోగము, వివాహము అను మూడింటను వారు తోటివారి కంటె వెనుకబడినట్లు తేలినది.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. నా ఎరుకలో ఒక ఉపాధ్యాయుని కుమార్తెకు ఏడవ యేట చూపు నిలిచిపోవు మూర్ఛ ఉండెడిది. పదునాలుగవ యేట పూర్తిగా పోయినది. వైద్యులు మాత్రలు మాన్పినారు. కాని బడిలో పడిపోవునేమోయను భయముచే తండ్రి ఆమె చదువు ఎనిమిదవ తరగతితోనే ఆపియుండెను. నేను ఆమెను ముప్పదవ యేట చూచినాను. పదునారేండ్లుగా మూర్ఛ లేదు. “అయ్యా, నాకు ఏ రోగమున్నది?” అని ఆమె అడిగినది. నా వద్ద సమాధానము లేదు. నేను ఆ బాలుని విషయమున భయపడవలసిన చోట భయపడలేదు. ఆ తండ్రి భయపడనక్కర లేని కాలమునను భయపడినాడు. రెండు తప్పులకు మూలము ఒక్కటే: వ్యాధి మారినదని తెలిసికొనకపోవుట.

ఇంటివారు పాటింపవలసినవి

1. మూర్ఛ వచ్చినప్పుడు బిడ్డను ఒక ప్రక్కకు, వీలైనచో ఎడమ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. తల క్రింద మెత్తని గుడ్డ ఉంచి, మెడ వద్ద గుండీలు విప్పవలెను.

2. నోటిలో చెంచా, గుడ్డ, వ్రేలు పెట్టరాదు. నీరు పోయరాదు. తాళపుచెవులు చేతపెట్టుట, చెప్పు వాసన చూపుట, ఉల్లిరసము పిండుట నిష్ప్రయోజనములు. వాతలు పెట్టుట క్రూరము.

3. గడియారము చూడవలెను. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకుండగనే మరల వచ్చినను 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ముక్కులో కొట్టు మందును వైద్యుడు వ్రాసియిచ్చినచో దానిని ఇంటిలోను, బడిలోను ఉంచవలెను.

4. నీరు, నిప్పు, చెట్లు, కొండలు, మిట్టపల్లములు గల చోట్ల నుండి అపస్మారరోగిని కాపాడవలెనని చరకుడు చెప్పినాడు. నేటికిని ఇంతకు మించిన సలహా లేదు. వ్యవసాయబావి, చెరువు, గోదావరి స్నానము, పొయ్యి, తాటిచెట్టు, మిద్దె అంచు వద్ద బిడ్డను ఒంటరిగా విడువరాదు. యుక్తవయస్సు వచ్చిన పిదప మోటారుసైకిలు ఈ జాబితాలో చేరును. వ్యాధిని దాచి లైసెన్సు తీసికొనరాదు.

5. ఆ జాగ్రత్తలతో బడి, ఆటలు, స్నేహితులు అన్నియు ఉండవలెను. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, గ్రహము కాదు.

6. ఏడాదికి ఒక్కసారియైనను వైద్యునకు చూపి “ఇప్పుడు ఈ వ్యాధి ఏ స్థితిలో ఉన్నది? మోతాదు చాలునా? మాన్పుటకు కాలమైనదా?” అని మూడు ప్రశ్నలు అడుగవలెను. మూర్ఛ తేదీలు, పాత చీటీలు, స్కానింగు ఒక సంచిలో భద్రపరుపవలెను.

మొదట చెప్పిన బాలుడు ఇప్పుడు నలుబదికి సమీపించిన గృహస్థుడు. ఎరువుల దుకాణము నడుపుచున్నాడు. మెదడులోని ఒక మచ్చ వలన ఆతనికి ఇప్పటికిని ఉదయము ఒకటి, రాత్రి ఒకటి మాత్ర తప్పదు. మూర్ఛ వచ్చి పదునైదేండ్లయినది. గత చలికాలమున మూడేండ్ల కుమార్తెకు జ్వరముతో ఈడ్పు వచ్చినదని ఎత్తుకొని వచ్చినాడు. ఆసుపత్రిలో చూపి, ప్రమాదము లేదనిపించుకొని, ఆ మీదట నా వద్దకు వచ్చినాడు. “పంతులూ, నా రోగమే నా బిడ్డకు తాకిందా?” అని కన్నీరు పెట్టుకొన్నాడు.

“లేదు నాయనా. నీది వేరు, దానిది వేరు. ఆ ఈడ్పు అయిదారేండ్లకు దానంతట అదే పోవును. నీవు మాత్రము నీ మాత్ర మానకుము” అని చెప్పి పంపినాను. ఈసారి ఘృతము ఇచ్చుటకు ముందు చీటీలన్నియు చదివినాను.